బట్టతలయు సత్యమును

తల వెండ్రుకలు పలుచబడినవాడు వానిని ఏ రీతిగా దువ్వుకొనవలెనను ప్రశ్న, వినినంతనే క్షౌరశాలలో తేలిపోవలసినదిగా తోచును గాని మాసపత్రికలో చర్చింపదగినదిగా తోచదు. అయినను ఇరువదేండ్లకు పైగా బడిపిల్లల నడుమ గడపిన మాకు ఈ ప్రశ్న పలుమారు ఎదురగుచునే యున్నది. పాతికేండ్లైనను నిండని పూర్వవిద్యార్థులు ఎండ లేనప్పుడును టోపీ తీయకుండ మా యింట కూర్చుండుట చూచితిమి. మొదటి జీతమును మొదలంట తలకే ధారపోసినవారిని ఎరుగుదుము. నలుగురితో కలసి ఛాయాపటము తీయించుకొనుటకు వెనుదీయువారిని, వాన కురిసిన నాడు వీధిలోనికి రానివారిని ఎరుగుదుము. ఇంత మనోవేదనకు కారణమైనది అల్పవిషయమని తోసివేయుట దయగలవారి పని కాదు. అంతకంటె ముఖ్యముగా, ఇందొక ధర్మసందేహము కూడ ఇమిడియున్నది. లేనిదానిని ఉన్నట్లు చూపుట ఎంతవరకు అలంకారము, ఎచ్చట నుండి కపటము?

వేదన క్రొత్తది కాదు. ఋగ్వేదము ఎనిమిదవ మండలమున అపాల యను ఆత్రేయి, మూడు తావుల మొలకెత్తింపుమని ఇంద్రుని వేడుకొన్నది. అందొకటి తండ్రి పొలము, ఒకటి తండ్రి బట్టతల, మూడవది తన మేను. పంటచేనికిని తండ్రి నెత్తికిని ఒక్క వరమే అడిగిన ఆ బిడ్డ మనసు మాకు ముచ్చట గొల్పును. రోమను చరిత్రకారుడైన స్యుటోనియసు, జూలియసు సీజరు తన పలుచని వెండ్రుకలను నడినెత్తి నుండి ముందునకు దువ్వుకొనెడివాడనియు, సభవారొసగిన గౌరవములన్నిటిలోను ఎల్లవేళల ఆకుల కిరీటము ధరించు హక్కునే మిక్కిలి మక్కువతో వాడుకొనెననియు వ్రాసెను. లోకమును జయించినవాడు తన నుదుటిని జయింపజాలకపోయెను! నాలుగైదు శతాబ్దుల సంధికాలమున సైరీను వాసియైన సినీసియసు మాత్రము, కేశములను పొగడుచు డయో యను వక్త వ్రాసిన ప్రసంగమునకు మారుగా, బట్టతలను పొగడుచు ఒక పుస్తకమునే వ్రాసెను. నవ్వులకై వ్రాసినదేయైనను, అందు తన తలను తానే ముందుగా చూపించుకొన్న నిబ్బరమున్నది.

మన తాతముత్తాతల కాలమున ఈ చిక్కు ఇంతగా లేదు. అందులకు కారణము వారి వైరాగ్యము కాదు, వారి క్షౌరపద్ధతి. ముందు తలను నున్నగా గొరిగించుకొని వెనుక శిఖ ఉంచుకొను ఆచారమున్నన్నాళ్లు, నుదుటిపై జుట్టు తనంత తాను పోయినదో, కత్తివలన పోయినదో అడుగువారు లేరు. ఆపైన తలపాగా యుండెను. కందుకూరి వీరేశలింగము పంతులు పటమున నేమి, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పటమున నేమి మనము చూచునది తలపాగాయే గాని తల కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున చదువుకొన్నవారు శిఖ తీసి క్రాపు పెట్టుకొనిరి. ఆ మార్పు మంచిదే, దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని నాటినుండియే నుదుటిపై జుట్టు యౌవనమునకు గుర్తుగా నిలిచినది. ఒక తరమువారు కోరి గొరిగించుకొన్నచోటనే మరియొక తరమువారు వెండ్రుకలు లేవని కన్నీరు పెట్టుకొనుచున్నారు. సౌందర్యమనునది ఎంత వాడుకపై నిలిచియున్నదో తెలుపుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము మాకు దొరకలేదు.

ఇక శరీరధర్మము. పురుషుల బట్టతలలో మిక్కిలి భాగము వంశానుగతము. పురుష హార్మోను నుండి పుట్టు డైహైడ్రోటెస్టోస్టిరాన్ అను పదార్థమునకు నడినెత్తిమీదను కణతల పైనను గల రోమకూపములు లొంగి, క్రమముగా సన్నని పొట్టి వెండ్రుకలనే మొలిపించును. చెవుల చుట్టును వెనుకతలను ఉన్న కూపములు దానికి అంతగా లొంగవు. చుట్టును జుట్టు నిలిచి నడుమ బయలగుట ఇందువలననే. యౌవనమునకు ముందే వృషణములు కోల్పోయినవారికి ఈ బట్టతల రాదనియు, వారికా హార్మోనునిచ్చినచో వంశలక్షణమున్నవారికి వచ్చుననియు జేమ్సు హామిల్టను 1942లో ప్రకటించెను. కనుక ఇది పాపఫలము కాదు, నూనె మానినందున వచ్చునది కాదు, ఎక్కువ చదివినందున వచ్చునదియు కాదు. దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట ఎవరికైనను సహజమే. తీవ్రజ్వరము తరువాతను ప్రసవము తరువాతను రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలినది చాలవరకు మరల మొలచును. పేనుకొరుకుడని మనవారు పిలుచు గుండ్రని మచ్చలకు పేలకును సంబంధమే లేదు. శరీరరక్షణశక్తి తన రోమకూపములపైననే తిరుగబడుట అందుకు కారణము.

పలుచని తలకు ఒప్పిదమైన దువ్వుకమును గూర్చి రెండు మాటలు చెప్పుట కర్తవ్యము. ఏలయన ఇందు చాలమంది తమకు తామే అపకారము చేసికొనుచున్నారు. చుట్టును దట్టముగా పెంచినకొలది నడుమ పలుచదనము రెట్టింపుగా కనబడును. చెవులపైనను వెనుకను పొట్టిగా కత్తిరింపించి, పైన కొంచెమే పొడవుంచినచో రెంటికిని వ్యత్యాసము తగ్గును. కణతలు లోపలికి పోయినవారు జుట్టును వెనుకకు లాగి దువ్వుటకంటె పొట్టిగా ముందునకు వదలుట మేలు. నూనె పట్టించి అంటించినచో వెండ్రుకలు పాయలుగా చేరి వాని నడుమ చర్మము మెరయును. కావున నూనె రాత్రి రాచుకొని ఉదయమున కడిగికొనుట యుక్తము. ఒక చెవిపై వెండ్రుకలను జానెడు పెంచి రెండవ చెవికి వంతెన కట్టువారిని చూచిన మాకు జాలి కలుగును. ఆ వంతెన గాలికి నిలువదు, ఎవరిని నమ్మింపదు, దాని యజమానిని మాత్రము దినమెల్ల కావలివానిగా చేయును.

పూర్తిగా గొరిగించుకొనుట అన్నిటికంటె సులభము. కాని మన ప్రాంతములలో నున్నని గుండునకు అర్థము లెక్కువ. ఎదురైన మొదటివాడు “తిరుపతి వెళ్లివచ్చారా?” అనును. రెండవవాడు గొంతు తగ్గించి, ఇంట ఎవరు పోయిరని అడుగును. ఈ రెండు ప్రశ్నలకు ఒక మాసముపాటు ఓపికతో బదులు చెప్పగలవానికి మూడవ మాసమున ఎవరును ఏమియు అడుగరు. గడ్డము కొంచెము పెంచినచో ముఖమునకు నిండుదనము వచ్చును. ఎండలో తల కప్పుకొనుట మరువరాదు. నీడనిచ్చు జుట్టు లేని చర్మము త్వరగా కమలును.

స్త్రీలకు వెండ్రుకలు సాధారణముగా నుదుటి నుండి వెనుకకు పోక పాపట వెంట పలుచబడును. ఏండ్ల తరబడి ఒక్కచోటనే పాపట తీయక మార్చుచుండుట, బిగుతు జడ మాని వదులుగా అల్లుకొనుట ముఖ్యము. చిన్ననాట బడికి పంపుచు కన్నులు పైకి లేచునంత బిగియించి వేయు జడలవలన కణతల వద్ద వెండ్రుకలు శాశ్వతముగా పోవుట కలదు. తల్లులు దీనిని గమనింపవలెను. బరువైన సవరమును పలుచని జుట్టునకు వేలాడదీయుటయు అట్టిదే. జుట్టు రాలుచున్న స్త్రీకి తైలములు కొనుటకు ముందు రక్తహీనత యున్నదేమో, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయుచున్నదో లేదో పరీక్ష చేయించుట ఇంటివారి విధి.

సవరము మాట వచ్చినది కనుక ధర్మసందేహమునకు తిరిగి వత్తము. మన యిండ్లలో తరతరములుగా స్త్రీలు సవరము పెట్టుకొనుచున్నారు. పెండ్లికూతురి పూలజడలో సగము సవరమేయని పేరంటమునకు వచ్చిన వారందరు ఎరుగుదురు. దానిని అబద్ధమని ఎవరును అనలేదు. అలంకారశాస్త్రమున రూపకము వంటిదది. ముఖము చంద్రుడని కవి యనినప్పుడు వినువానికి అది ముఖమేయని తెలియును, తెలిసియే ఆనందించును. ఎదుటివానికి తెలిసియుండుటయే అలంకారమును అబద్ధము కాకుండ కాపాడుచున్నది. పురుషుల విగ్గు అట్లు కాదు. అది ఎవరికిని తెలియకుండుటయే దాని ప్రయోజనము. ఇటీవలి కాలమున వెండ్రుకల మొదళ్లకు చల్లుకొను సన్నని నూగుపొడి, జిగురుతో అంటించు కేశఫలకము మొదలగునవియు ఈ జాతివే. కేశఫలకమును మరల మరల ఊడదీసి కడిగి అంటించుకొనవలెను. ఆ పని ఇంట ఎవరు చూడకుండ చేయుటకు ప్రతి వారము ఒక తలుపు మూయవలసియే వచ్చును.

అయినచో విగ్గు ధరించినవాడెల్ల అసత్యవాది యగునా? కాడు. జర్మను తత్త్వవేత్త కాంటు నీతిబోధలలో ఒక ఉదాహరణము గలదు. ఒకడు ఊరికి పోవుచున్నట్లు ఎదుటివారు తలపవలెననియే మూటముల్లె సర్దుకొనెననుకొందము. చూచినవారు పొరబడినను అతడు అబద్ధమాడినవాడు కాడు, ఏలయన తన సంకల్పమును తెలుపుమని అతనిని అడుగు అధికారము వారికి లేదు. అసత్యము విషయమున అంత కఠినుడైన పండితుడే ఇంత సడలింపు ఇచ్చుట గమనింపదగినది. (ఆ కాలపు మర్యాద ననుసరించి ఆయనయు పెట్టుడు జుట్టు ధరించినవాడే. అది పెట్టుడుదని అందరెరుగుదురు గనుక మన సవరము వంటిదే.) ఈ న్యాయమును మేము అంగీకరింతుము. వీధిలో పోవువానికిని, కచేరిలో ప్రక్కబల్లవానికిని మన నెత్తి సంగతి తెలిసికొను అధికారము లేదు. రాచపుండు చికిత్సవలన జుట్టు రాలిన స్త్రీ విగ్గు ధరించి వివాహమునకు వచ్చినచో, అది నిజమైనదా యని తరచి చూచువాని చూపే నింద్యము.

కాని అధికారము గలవారు కొందరున్నారు. వారిలో మొదటివారు మనతో జీవితము పంచుకొన నిశ్చయించుకొనబోవువారు.

ఒకప్పుడు మా పూర్వవిద్యార్థి తల్లి మా యింటికి వచ్చి, సంబంధమువారు మమ్ము విచారించుదురని చెప్పి, “అబ్బాయి జుట్టు సంగతి మాత్రం మీరెక్కడా ఎత్తకండి మాస్టారూ” అని కోరినది. పటములో విగ్గు, పెండ్లిచూపులలో విగ్గు. ఆమె వాదము నిస్సారము కాదు. “వాడికి గుణం ఉంది, ఉద్యోగం ఉంది, ఏ వ్యసనమూ లేదు. నాలుగు వెండ్రుకలు లేవని తోసేసేవాళ్లది తప్పు కాదా? వాళ్ల తప్పుకు మా వాడు ఎందుకు అనుభవించాలి?” అనెను. లోకము తప్పుచేయుచున్న మాట నిజము. అయితే ఆ లోకమునకు బదులు మోసపోవునది ఒక్క పిల్ల. ఆమె ఈ యాచారమును పుట్టింపలేదు. బట్టతల చూచియు ఒప్పుకొని యుండెడిదేమో! ఆ ఒప్పుకొను అవకాశమునే మనము ఆమెనుండి అపహరించుచున్నాము. పెండ్లియైన మూడవ నాడు విగ్గు సంగతి తెలిసిన పిల్ల, జీతము సంగతియు ఆరోగ్యము సంగతియు ఎట్లు నమ్మును? తలపై వెండ్రుక లేకపోవుట ఆమెకు నష్టము కాదు. మొగము చూచి నమ్మిన మాట పోవుటయే నష్టము. మేమా తల్లికి, మేముగా ఎత్తమనియు, వారడిగినచో కాదని చెప్పజాలమనియు తెలిపితిమి. ఆమె కాఫీ త్రాగకయే వెడలిపోయినది.

ఈ విషయము జనుల మనసున మెదలుచున్నదనుటకు చలనచిత్రములే సాక్షి. 2019లో హిందీలో ‘బాలా’, 2021లో తెలుగున ‘నూటొక్క జిల్లాల అందగాడు’ వచ్చినవి. రెంటను కథానాయకుడు బట్టతలను విగ్గుతో కప్పి ప్రేమించిన పిల్లకు దాచిపెట్టును, దాచినందుననే చిక్కుపడును. ప్రేక్షకులు నవ్విరి. నవ్వినవారిలో ఎందరు తమ కుమారుని పటమును సరిదిద్దింపక పెండ్లిసంబంధములకు పంపుచున్నారో!

సత్యము చెప్పినవానికి సంబంధము తప్పక కుదురునని మేము పూచీ పడజాలము. మా తోటి ఉపాధ్యాయుడొకడు చూపులకు పోకముందే ఉన్నది ఉన్నట్లు పటము తీయించి పంపెడివాడు. మూడు సంబంధములు వారి వైపునుండి మాటలేకయే ఆగిపోయినవి. నేటికిని అతనికి పెండ్లి కాలేదు. అతడు దానిని పెద్ద త్యాగముగా చెప్పికొనడు. నష్టమున్నదని మాత్రము ఒప్పుకొనును. ఆ నష్టము నిజమైనదేయని మేమును ఒప్పుకొందుము. ఒప్పుకొనకుండ సత్యవ్రతము బోధించుట తేలిక. మరియొక వింత యున్నది. పెండ్లికొడుకు బట్టతలను దాచు ఇంటివారే పెండ్లికూతురి జడ పొడవెంతయని అడుగుదురు. తాను చూపనిదానిని ఎదుటివారినుండి కొలిచి పుచ్చుకొనగోరు ఈ బేరము ఏ న్యాయమునకు సరిపడును?

విగ్గులోని వెండ్రుక ఎవరిదను ప్రశ్నయు ఇందు చేరవలసినదే. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించు తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుదురు. అందు పొడవైనవి విగ్గులై దేశాంతరములకు పోవును. 2004లో ఈ వెండ్రుకలు దేవతకు సమర్పింపబడినవను కారణమున కొందరు యూదు మతాచార్యులు వానితో చేసిన విగ్గులను నిషేధింపగా, వారి మతస్త్రీలు తమ విగ్గులను వీధులలో కుప్పవేసి కాల్చిరి. మొక్కు తీర్చుకొన్న తల్లి తన జడ సముద్రము దాటిన సంగతి ఎరుగదు. ఇష్టముతో ఇచ్చినది కనుక ఇందు దోషమున్నదని మేము తలపము. అయితే ఇష్టములేని శిరోముండనమును కూడ ఈ నేల చూచినది. వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించునాటికి, కొన్ని కులములలో భర్త పోయిన బాలికకు సయితము తల గొరిగింపించెడివారు. జుట్టు లేని స్త్రీ తల అశుభమను భావము ఆనాటి కత్తి మన మనసులలో మిగిల్చిన గాటు. కత్తి పోయినది, గాటు మానలేదు. చికిత్సవలన జుట్టు రాలిన సోదరి ఎదురువచ్చినప్పుడు కొందరి కన్నులలో ఆ గాటే కనబడును.

దాచువానికంటె పెద్ద అసత్యవాదులు వానికి మందు లమ్మువారు. మన దేశపు 1945 నాటి మందుల నియమావళికి చేర్చిన ‘జె’ పట్టికలో, నయము చేయుదుమని చెప్పికొనరాని వ్యాధుల పేర్లున్నవి. అందు బట్టతల యొకటి. అయినను “ఇరువది దినములలో ఒత్తైన జుట్టు” అను ప్రకటన ఏ మూల చూచినను కనబడుచునే యున్నది. పరీక్షకు నిలిచిన మందులు కొన్నియే. మినాక్సిడిల్ మొదట రక్తపుపోటునకై పుట్టినది. రోగుల యొడలంతట వెండ్రుకలు మొలచుట చూచి తలకు రాచు మందుగా మార్చిరి. 1988లో అమెరికా ప్రభుత్వము దాని కనుమతినిచ్చెను. ఫినాస్టరైడ్ మాత్రకు 1997లో అనుమతి వచ్చెను. ఈ రెండును వాడినంతకాలమే పనిచేయును, మానినచో నిలిచినదియు కొన్ని నెలలలో పోవును. మాత్రవలన కొందరికి కామేచ్ఛ తగ్గుట కలదు. గర్భవతులు పగిలిన మాత్రను తాకనే రాదు. వెనుకతల నుండి కూపములను తీసి ముందు నాటు శస్త్రచికిత్స మంచి నిపుణుని చేత సఫలమగును. అదియు క్రొత్త జుట్టును పుట్టింపదు, ఉన్నదానిని ఒకచోటినుండి ఒకచోటికి మార్చునంతే. శిక్షణ లేనివారి చేతులలో ఈ చికిత్స ప్రమాదములకు దారితీయుటచే, అర్హులైన వైద్యులే దీనిని చేయవలెనని జాతీయ వైద్యమండలి 2022లో హెచ్చరించినది. అప్పుచేసి ఒక అంగడి వంటి చికిత్సాలయమున తల నప్పగించి, ఆరుమాసములు పుండ్లతో బాధపడిన బాలుని మేమెరుగుదుము. వానిని అక్కడికి తరిమినది వ్యాధి కాదు. ఇంట భోజనముల యొద్ద వినిన పరిహాసము.

ఆ పరిహాసమును గూర్చియే గృహస్థులతో మా చివరి విన్నపము. పెండ్లిపందిట్లో, పదిమంది బంధువుల నడుమ, పందొమ్మిదేండ్ల కుర్రవాని తలపై చేయివేసి “ఏమిరా, అప్పుడే మీ నాన్న తల వచ్చేసిందే!” అను పెద్దలు ప్రతి వంశమునను ఒకరుందురు. ఆ పిల్లవాడు నవ్వును, తరువాత పందిరి వెనుకకు పోయి అద్దము వెదకును. ఆ మాట అనువారు తరచుగా బట్టతలవారే యగుట మేము గమనించితిమి. వారు తమ పందొమ్మిదవ యేట ఎవరో అనిన మాటను అన్నేండ్లు దాచుకొని ఇప్పుడు అప్పగించుచున్నారేమో.